ప్రతిజీవకములకు అనుపానము: కాచు నుండి పచ్చ తేయాకు దాక

వినుకొండకు పడమట నల్లమల అడవులు వ్యాపించియున్నవి. ఆ అడవులలో పెరుగు చెట్లలో చండ్ర యొకటి. దాని కట్టె మిక్కిలి గట్టిది. దాని బొగ్గు చాలసేపు కణకణలాడుచుండును. అందుచేతనే కోపముతో ఎర్రబడిన కన్నులను చండ్రనిప్పులతో పోల్చుట తెలుగువారికి అలవాటైనది. ఈ చండ్రకు దగ్గరి చుట్టము సంస్కృతమున ఖదిరమని పేరొందిన చెట్టు. దాని చేవను ముక్కలుగా కొట్టి, నీటిలో మరగించి, ఆ కషాయమును చిక్కబరచి ఆరబెట్టినచో గోధుమవన్నె గడ్డలు ఏర్పడును. అదియే కాచు. తాంబూలమున సున్నముతోను వక్కతోను కలిసి నోటిని ఎర్రబరచునది, నాలుకకు వగరు తోపించునది ఈ కాచే.

యూరపు వర్తకులు ఈ సరకును కటెచు అను పేరుతో తమ దేశములకు కొనిపోయిరి. ఆ పేరు నుండియే రసాయన శాస్త్రమున కటెచిన్ అను పదము పుట్టినది. గ్రీన్ టీ అని నేడు ప్రచారము పొందిన పచ్చ తేయాకులోని ముఖ్య పదార్థములలో పెక్కు ఈ కటెచిన్ కుటుంబమునకు చెందినవే. ఏ మందునకును లొంగని మొండి బాక్టీరియాను మరల లొంగదీయుటకు, ఈ కుటుంబములోని యొక పదార్థమును ఆంటిబయాటిక్కులకు, అనగా ప్రతిజీవకములకు, జోడించి చూచుచున్నారు. ఒక మందు ఒంటిగా చేయలేని పనిని రెండు పదార్థములు జతగూడి ఎట్లు చేయగలవు? ఈ ప్రశ్నకు జవాబు ఒక్కనాట దొరకలేదు. ఆ జవాబు వెదకినవారి చరిత్రలో ఒక తెలుగువాని పేరు కూడ కలదు.

కాచు, మాచికాయ, తేయాకు

1821లో జర్మను రసాయనజ్ఞుడు రుంగె కాచు నుండి కటెచిన్‌ను వేరుచేసెను. తేయాకులో కూడ అట్టి పదార్థము గలదని రుజువగుటకు మరియొక శతాబ్దము పట్టినది. 1929లో జపానులో మిచియో త్సుజిమురా అను మహిళ పచ్చ తేయాకు నుండి కటెచిన్‌ను స్ఫటిక రూపమున వేరుచేసెను. 1932లో ఆమెకు వ్యవసాయ శాస్త్రమున డాక్టరు పట్టము లభించినది. జపానులో ఆ పట్టము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

తేయాకులోని కటెచిన్‌లలో హెచ్చు పాలు గలది, బాక్టీరియాపై హెచ్చు ప్రభావము చూపునది, ఎపిగాలోకటెచిన్ గాలేటు. ఈ పొడుగాటి పేరునకు బదులు శాస్త్రజ్ఞులు ఇ.జి.సి.జి. అని పొడి అక్షరములతో వ్యవహరింతురు. దీని అణుభారము 458. పేరులోని 'గాలేటు' అను భాగము మాచికాయను తెలియజేయును. మన పచారి కొట్లలో దొరకు మాచికాయలోని వగరు ఆమ్లమునకు గాలికామ్లమని పేరు. కాచులోని కటెచిన్‌కు దగ్గరిదైన అణువునకు మాచికాయలోని ఆమ్లమును అతికించినట్లుండునదే ఇ.జి.సి.జి. నాలుకపై వగరు తోచుటకు కారణము ఇట్టి పదార్థములు ఉమ్మిలోని ప్రొటీనులకు అతుక్కొనుటయే. బాక్టీరియా పైపొరలలోను ప్రొటీనులు, కొవ్వులు గలవు. వానికిని ఇవి అతుక్కొనగలవు. తరువాతి కథకు ఈ గుణమే ఆధారము.

తేనీటికి క్రిములను అణచు శక్తి గలదన్న సంగతి ప్రతిజీవకముల కంటె ముందే తెలిసినది. 1906లో బ్రిటిషు సైనిక వైద్యుడు మేజరు మెక్‌నాట్ చల్లారిన తేనీటిలో టైఫాయిడ్ క్రిములను వేసి పరీక్షించి, అవి నశించుటను గమనించెను. సైనికుల నీటి సీసాలను తేనీటితో నింపినచో టైఫాయిడ్ వ్యాప్తిని తగ్గింపవచ్చునని ఆయన సూచించెను. కాని రోగి శరీరములో ప్రవేశించిన క్రిములను చంపుటకు ఆ శక్తి చాలదు. అందువలన ఆ పరిశీలన చాలకాలము మరుగున పడియుండెను.

మందుతో పాటే మొండితనము

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించుట, 1940 ప్రాంతమున ఆక్సుఫర్డులో ఫ్లోరీ, చెయిన్ మొదలగువారు దానిని మందుగా తయారుచేయుట పాఠకులకు తెలిసిన విషయములే. అంతగా తెలియనిది మరియొకటి కలదు. 1940 డిసెంబరులోనే అబ్రహాం, చెయిన్ అను ఇరువురు ఒక హెచ్చరిక ప్రకటించిరి. కొన్ని బాక్టీరియాలు తమలో తయారగు ఒక ఎంజైముతో పెన్సిలిన్‌ను ముక్కలు చేయుచున్నవని వారు కనుగొనిరి. అనగా మందు ఇంకను అంగడికి చేరకముందే దానిని విరుగగొట్టు సాధనము క్రిముల చేతిలో ఉండినది. 1945లో నోబెలు బహుమానము స్వీకరించు సందర్భమున ఫ్లెమింగ్ కూడ, చాలీచాలని మోతాదులు వాడినచో క్రిములు మొండిబారునని హెచ్చరించెను.

బాక్టీరియా మందును తప్పించుకొను త్రోవలు ముఖ్యముగా నాలుగు. మొదటిది, మందును విరుగగొట్టు ఎంజైమును తయారుచేయుట. రెండవది, మందును లోనికి రానీయక పైపొర ద్వారములను మూయుట, లేక వచ్చిన మందును పంపులతో తోడినట్లు బయటికి తోడివేయుట. మూడవది, మందు అంటుకొను భాగమునే మార్చివేయుట. నాలుగవది, మందు అడ్డగించిన మార్గమును విడిచి వేరు మార్గమున పని జరుపుకొనుట. ఈ నేర్పు క్రిమి ఆలోచించి తెచ్చుకొనునది కాదు. కోట్ల కొలది క్రిములలో ఏదియో యొకదానికి వంశలక్షణమున తప్పుగా వచ్చిన మార్పు అది. మందు మిగిలినవానిని చంపివేయగా, ఆ యొకటి మిగిలి, పిల్లలు పెట్టి, చోటంతయు ఆక్రమించుకొనును. అంతేకాదు, ఒక జాతి క్రిమి తన నేర్పును మరియొక జాతి క్రిమికి జన్యుపదార్థపు తునకల రూపమున అందీయగలదు.

క్షయ నేర్పిన పాఠము

ఒక మందునకు మరియొక మందు తోడు కావలెనని వైద్యలోకమునకు గట్టిగా నేర్పినది క్షయవ్యాధి. 1915లో మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము అను క్షయ చికిత్సాలయము వెలసినది. అప్పుడు ఈ రోగమునకు మందు లేదు. మంచి గాలి, బలమైన ఆహారము, మాసముల తరబడి విశ్రాంతి, ఇవియే చికిత్స. 1944లో స్ట్రెప్టోమైసిన్ వెలువడుటతో ఆశ చిగిర్చినది. బ్రిటిషు వైద్య పరిశోధన మండలి జరిపి 1948లో ప్రకటించిన పరీక్షలో, ఆ మందు తీసికొనిన 55 మందిలో ఆరు మాసములలో మరణించినవారు 4గురు మాత్రమే. విశ్రాంతితో సరిపెట్టిన 52 మందిలో 14గురు మరణించిరి. కాని సంతోషము నిలువలేదు. మందు పొందినవారిలో హెచ్చుమంది శరీరములలో మందునకు లొంగని క్రిములు బయలుదేరినవి. అయిదేండ్లు గడచునప్పటికి రెండు జట్ల మధ్య భేదము చాలవరకు తగ్గిపోయినది.

దీనికి మందు జంటలో దొరికినది. స్ట్రెప్టోమైసిన్‌కు పాస్ అను మరియొక మందును జోడించినచో మొండి క్రిములు తలయెత్తుట మిక్కిలి తగ్గునని 1950లో తేలినది. దీనిలోని లెక్క తేలికగా అర్థమగును. ఒక మందును తప్పించుకొనగల క్రిమి కోటికి ఒకటి చొప్పున ఉండుననుకొందము. రోగి ఊపిరితిత్తిలోని పుండులో పది కోట్ల క్రిములున్నచో, ఒక మందును పది క్రిములు తప్పించుకొనును. అవియే చాలును, రోగము తిరుగబెట్టుటకు. రెండు మందులను ఒకేసారి తప్పించుకొనగల క్రిమియో, కోటి కోట్లకు ఒకటి. పది కోట్లలో అట్టిది ఉండుట దాదాపు అసంభవము. 1956లో మద్రాసున స్థాపింపబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఐసోనయాజిడ్, పాస్‌లను జతగా వాడి, రోగి ఇంటనే ఉండి కుదురుకొనవచ్చునని 1959లో లోకమునకు చాటినది. నేటికిని క్షయకు మందులను జట్టుగానే వాడుదురు.

సుబ్బారావుగారి పరిశోధన చూపిన త్రోవ

క్షయ మందుల జంటలో ప్రతి మందునకు దాని దాడి దానికే కలదు. రెండు మందులు ఒకే మార్గమున రెండు చోట్ల కాపుగాసినచో ఫలితము ఇంకను హెచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు దొరకుటకు ఫోలికామ్లపు కథ తోడ్పడినది. ఆ కథకు నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరమున జన్మించెను. మద్రాసున వైద్యము చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించి, తరువాత అమెరికా చేరెను. హార్వర్డులో జీవరసాయన పరిశోధనలు గావించి, 1940లో లెడర్లీ సంస్థలో ప్రవేశించి, 1942 నుండి అక్కడి పరిశోధనలకు అధిపతిగా ఉండెను. ఆయన నాయకత్వముననే ఆ సంస్థలో డుగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను సాధించెను. టెట్రాసైక్లిన్ తరగతిలో మొదటిదైన ఆ మందు 1948లో వెలువడినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను.

సుబ్బారావు బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసి, దాని నిర్మాణమును తేల్చినది. ఆ నిర్మాణములో పారా అమైనో బెంజోయికామ్లము ఒక భాగమని బయటపడినది. దీనితో పాత చిక్కు యొకటి విడిపోయినది. 1935 నుండి వాడుకలోనున్న సల్ఫా మందులు ఆ ఆమ్లమును పోలియుండునని 1940లోనే ఉడ్స్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు చూపియుండెను. అవి బాక్టీరియాను ఏల అణచునో ఇప్పుడు స్పష్టమైనది. మనము ఫోలికామ్లమును ఆకుకూరల వంటి ఆహారము నుండి పొందుదుము. పెక్కు బాక్టీరియాలు దానిని తామే తయారుచేసికొనవలెను. సల్ఫా మందు అసలు ముడిసరకువలె వేషము వేసికొని లోపల చేరి, ఆ తయారీని ఆపివేయును.

అమెరికాలో హిచింగ్స్ పరిశోధనశాల నుండి వెలువడిన ట్రైమెథోప్రిమ్ అను మందు ఇదే మార్గమున తరువాతి మెట్టును అడ్డగించును. ఈ రెండింటిని కలిపిన కోట్రైమాక్సజోల్ 1968 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. మొదటి గుమ్మమున ఒక కావలివాడు, రెండవ గుమ్మమున మరియొకడు నిలిచినట్లు, ఒంటిగా చాలని మోతాదులు జతగా చాలినవి. 1988లో హిచింగ్స్, ఎలియన్‌లకు నోబెలు బహుమానము లభించినది.

చంపని తోడు

ఇంతవరకు చెప్పిన జంటలలో రెండును క్రిమిని దెబ్బతీయునవే. తాను చంపక, చంపు మందునకు దారి చూపునట్టి తోడు కూడ ఉండవచ్చునా? ఆయుర్వేద వైద్యులకు ఈ ఊహ కొత్తది కాదు. వారు మాత్రను ఒంటిగా ఇయ్యరు. తేనెతోనో, అల్లపు రసముతోనో, పాలతోనో ఇత్తురు. దానికి అనుపానమని పేరు. అయితే ఊహ వేరు, ప్రయోగమున రుజువగుట వేరు. అనుపానము వంటి తోడు నిజముగా పనిచేయునని నేటి పరీక్షలలో తేలినవి రెండింటిని చూతము.

మొదటిది క్లావులానికామ్లము. 1970వ దశకమున బ్రిటనులో ఇది ఒక మట్టి సూక్ష్మజీవి నుండి లభించినది. బాక్టీరియాను చంపు శక్తి దీనికి స్వల్పము. కాని పెన్సిలిన్‌ను విరుగగొట్టు ఎంజైమునకు ఇది పోయి అతుక్కొని, దానిని పనికిరానిదిగా చేయును. ఈలోగా జతగానున్న అమాక్సిసిలిన్ తన పని ముగించును. 1981లో ఈ జంట బ్రిటనులో అంగడికి వచ్చినది. నేడు పల్నాటి పల్లెలలోని మందుల దుకాణములందును ఇది దొరకును.

రెండవది మిరియము, పిప్పళ్లలోని పైపెరిన్. శొంఠి, పిప్పలి, మిరియములు కలిసిన త్రికటుకము పెక్కు ఆయుర్వేద యోగములలో కనబడుటను జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాల శాస్త్రజ్ఞుడు అటల్ గమనించి, 1979 ప్రాంతమున దానిపై పరిశోధన సాగించెను. పైపెరిన్ కొన్ని మందులను రక్తములోనికి హెచ్చుగా చేరునట్లు చేయునని తేలినది. క్షయకు వాడు రిఫాంపిసిన్‌కు పైపెరిన్‌ను చేర్చి, 450 మిల్లిగ్రాముల మోతాదును 200 మిల్లిగ్రాములకు తగ్గించిన మందు 2009లో మన దేశమున అనుమతి పొందినది.

తేయాకు తోడై వచ్చుట

ఈ వరుసలో చేరదగినదా పచ్చ తేయాకు? ఈ పరీక్ష జపానులో ఆరంభమైనది. 1989లో షోవా విశ్వవిద్యాలయమునకు చెందిన టోడా, షిమమురా మొదలగువారు తేయాకు సారము స్టఫిలోకాకస్ వంటి బాక్టీరియాను చంపునని ప్రకటించిరి. ఈ స్టఫిలోకాకస్‌లో మొండిదానికి ఎం.ఆర్.ఎస్.ఏ. అని పేరు. పెన్సిలిన్ విరుగుడు ఎంజైమునకు చిక్కని మెథిసిలిన్‌ను 1960 ప్రాంతమున తయారుచేయగా, దానికిని లొంగని స్టఫిలోకాకస్ 1961లో బ్రిటనులో కనబడినది. ఇది బాక్టీరియా తప్పించుకొను త్రోవలలో మూడవది: పెన్సిలిన్ జాతి మందులు అంటుకొను ప్రొటీనునకు బదులు, ఆ మందులు అంటుకొనలేని వేరు ప్రొటీనుతో గోడ కట్టుకొనును.

1998లో లండను నగరమున యాం, షా, హామిల్టన్ మిల్లర్ అనువారు తేయాకులోని యొక పదార్థము ఈ వేరు ప్రొటీను తయారీని అణచి, మొండి క్రిమిని మరల మెథిసిలిన్‌కు లొంగునట్లు చేయుచున్నదని చూపిరి. 2001లో షిమమురా బృందము ఇ.జి.సి.జి. పెన్సిలిన్ జాతి మందులకు తోడై బలమును హెచ్చించునని, రెండును బాక్టీరియా గోడ మీదనే దెబ్బ వేయుచున్నవని ప్రకటించినది. 2010లో లండనులోని టేలర్ బృందము మరింత లోతునకు పోయినది. ఇ.జి.సి.జి.కి తోబుట్టువైన ఎపికటెచిన్ గాలేటు బాక్టీరియా గోడ క్రింది పలుచని పొరలో దూరి, గోడ కట్టు ప్రొటీనులను తమ చోట నిలువనీయదని వారు కనుగొనిరి. తాపీమేస్త్రీ నిలుచున్న పరంజాను కదిపినచో గోడపని చెడినట్లే ఇదియు.

ఇట్టి పరిశోధనలలో తోడు నిజమైనదా కాదా అని తేల్చుటకు ఒక తేలిక పద్ధతి కలదు. చదరంగపు బల్లవలె గడులు గల పలకను తీసికొందురు. నిలువున ఒక పదార్థమును, అడ్డముగా రెండవదానిని, ప్రతి గడికి సగము సగముగా తగ్గించుచు పోయుదురు. అన్ని గడులలోను ఒకే బాక్టీరియాను వేసి, మరునాడు ఏ గడిలో క్రిమి పెరుగలేదో చూతురు. ఉదాహరణకు, ఒక మందు ఒంటిగా 64 పాళ్లు, తోడు పదార్థము ఒంటిగా 512 పాళ్లు కావలసియుండగా, జతగా 8 పాళ్లు, 64 పాళ్లతో పని జరిగినదనుకొందము. ఒక్కొక్కటి ఎనిమిదవ వంతునకు దిగినది. రెండు ఎనిమిదవ వంతులు కలిసి నాలుగవ వంతు. ఈ మొత్తము సగము, లేక అంతకు తక్కువైనచో తోడు నిజమైనదని నిర్ణయింతురు. నాలుగు మించినచో ఆ రెండును ఒకదానికొకటి శత్రువులని తెలియవలెను.

2019 నాటి ప్రయోగము

స్టఫిలోకాకస్‌కు గోడ యొకటే అడ్డు. సూడోమోనాస్ ఎరుజినోసా అను బాక్టీరియాకు గోడ వెలుపల మరియొక పొర కూడ కలదు; పంపులును గలవు. 1882లో గెస్సార్డ్ అను ఫ్రెంచివాడు కట్లపై నీలపుటాకుపచ్చ చీము ఏర్పరచు క్రిమిగా దీనిని గుర్తించెను. తడి గల చోట్లనెల్ల ఇది బ్రతుకును. కాలిన గాయములను, ఊపిరితిత్తులను, మూత్రమార్గమును పట్టుకొనును; కంటి నల్లగ్రుడ్డుపై పుండు కలిగించి చూపు పోగొట్టును. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్బపెనెం మందులకు లొంగని సూడోమోనాస్‌ను, కొత్త మందులు మిక్కిలి అత్యవసరమైన క్రిముల జాబితాలో చేర్చినది.

2019లో ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయమునకు చెందిన బెట్స్, లా రజియోన్ మొదలగువారు, పెక్కు మందులకు లొంగని సూడోమోనాస్‌పై ఇ.జి.సి.జి.ని అజ్‌ట్రియోనాం అను ప్రతిజీవకమునకు జోడించి పరీక్షించిరి. అజ్‌ట్రియోనాం 1986లో అమెరికాలో అనుమతి పొందిన మందు. చదరపు గడుల పరీక్షలో రెండింటి జత, ఏ యొక్కదానికంటెను మిన్నగా పనిచేసినది. తరువాత తేనెపట్టులలో మైనము తిను చిమ్మట పురుగులకు ఆ క్రిములను ఎక్కించి చూచిరి. అక్కడను జతయే మేలైనది. మానవ కణములకు చెప్పుకొనదగిన హాని కనబడలేదు. ఇ.జి.సి.జి. బాక్టీరియా పైపొరను సడలించి, మందు లోనికి చేరుటకు వీలు కలిగించుచుండవచ్చునని వారు ఊహించిరి.

ఇది పురుగులలో సఫలమైన ప్రయోగము. రోగులలో సఫలమైన చికిత్స కాదు. ఈ భేదమును మరువరాదు. అజ్‌ట్రియోనాంకు ఆవిబాక్టం అను వేరొక తోడు దొరికినది. అది ఎంజైములను అణచును. ఆ జంట మనుష్యులపై పరీక్షలన్నియు దాటి, 2024లో యూరపున అనుమతి పొందినది. తేయాకు తోడు ఇంకను ప్రయోగశాల గడప దాటవలసియున్నది.

గిన్నెడు తేనీరు చాలునా?

చాలదు. త్రాగిన తేనీటిలోని ఇ.జి.సి.జి.లో అతి స్వల్పభాగమే ప్రేగుల నుండి రక్తమునకు చేరును. గడుల పలకలో క్రిమిని అణచిన పాళ్లు త్రాగుట వలన రక్తములో ఏర్పడవు. అట్లని సారమును బిళ్లలుగా మితిమీరి మ్రింగుటయు ప్రమాదము. దినమునకు 800 మిల్లిగ్రాములు, అంతకు మించి ఇ.జి.సి.జి. బిళ్లలు తీసికొనినవారిలో కాలేయమునకు హాని సూచించు గుర్తులు కనబడుచున్నవని 2018లో యూరపు ఆహార భద్రతా సంస్థ తెలిపినది. అన్ని మందులకును ఇది స్నేహితురాలు కాదు. ఒక విధమైన రక్తపు క్యాన్సరునకు వాడు బోర్టెజోమిబ్ శక్తిని ఇ.జి.సి.జి. చెరుపునని 2009లోను, రక్తపుపోటు మందు నాడొలాల్ రక్తములోనికి చేరుటను పచ్చ తేనీరు తగ్గించునని 2014లోను వెల్లడియైనది. కనుక ఎవరికివారు మందుతో పచ్చ తేనీటిని అనుపానముగా పుచ్చుకొనుట తగదు. చర్మపు గాయములకు పూత మందుగానో, ఊపిరితిత్తులలోనికి పీల్చు మందుగానో, క్రిమి ఉన్న చోటికే తిన్నగా చేర్చు ఉపాయము కుదిరినప్పుడే ఈ పదార్థమునకు వైద్యమున చోటు దొరకవచ్చును.

తెలుగునాట ఈ చరిత్ర విలువ

ఈ కథ మనకు దూరదేశపు వార్త కాదు. భారత ప్రభుత్వము 1961లో నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. సంస్థ హైదరాబాదున మందుల కర్మాగారము నిర్మించిన తరువాత, ఆ నగరము మందుల తయారీకి ప్రపంచ ప్రసిద్ధి గాంచినది. అదే ప్రాంతము వేరొక కారణమున కూడ శాస్త్ర పత్రికల కెక్కినది. 2007లో స్వీడను శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందము, పటాన్‌చెరు వద్ద సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించినది. లీటరునకు 31 మిల్లిగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అందుండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు పాళ్లకంటె ఇది హెచ్చు. అట్టి నీటిలో బ్రతుకనేర్చిన బాక్టీరియాకు మొండితనము పాఠశాలలో నేర్పినట్లే.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్ర వైద్య సంస్థ వైద్యులు పెక్కు మందులకు లొంగని సూడోమోనాస్ వలన కలుగు కంటి పుండ్లను గూర్చి పరిశోధన పత్రములు ప్రకటించియున్నారు. వినుకొండ, మాచర్ల ప్రాంతముల పొలములలో పనిచేయువారి కంట పుల్ల తగులుట, ధూళి పడుట అరుదు కాదు. గీరుకొనిన నల్లగ్రుడ్డుపై ఇట్టి క్రిమి చేరినచో, మందు పనిచేయుటకును చేయకుండుటకును గల భేదము చూపునకును గ్రుడ్డితనమునకును గల భేదమే. 2019లో ప్రపంచమంతట మందులకు లొంగని బాక్టీరియా వలననే సంభవించిన మరణములు సుమారు 12 లక్షల 70 వేలని అంచనా కట్టబడినది.

ఈ చరిత్ర నేర్పు నీతి యొకటి కలదు. తోడు దొరికిన ప్రతిసారి పాత మందునకు ఆయువు పెరిగినది. కాని తోడునకును మొండిబారిన క్రిములు పుట్టినవి. క్లావులానికామ్లమును లెక్కచేయని ఎంజైములు వచ్చినవి. కోట్రైమాక్సజోల్‌కు లొంగని క్రిములును విరివిగా ఉన్నవి. తేయాకు తోడు రేపు వైద్యమునకు వచ్చినను, దానికిని ఇదే గతి పట్టకుండుటకు పూచీ లేదు. తోడు కొంత గడువు సంపాదించి పెట్టును. ఆ గడువును కాపాడుకొనుట వాడువారి చేతిలోనే యున్నది.

2016లో భారత ప్రభుత్వము ప్రతిజీవకముల అట్టలపైనున్న నిలువు ఎర్ర గీతను గూర్చి ప్రచారము ఆరంభించినది. వైద్యుని చీటి లేక ఆ మందు కొనరాదని ఆ గీత తెలుపును. జలుబునకును, వైరస్ జ్వరములకును ప్రతిజీవకము పనిచేయదు. వైద్యుడు వ్రాసినప్పుడు చెప్పినన్ని దినములు, చెప్పిన మోతాదున వాడవలెను. జ్వరము తగ్గినదని రెండవనాడే మానివేసి, మిగిలిన బిళ్లలను పొరుగింటి పిల్లవానికి ఇచ్చుట పరోపకారము కాదు. మోతాదు కుదరని ఆ నాలుగు బిళ్లల వలన పిల్లవాని జబ్బు నయము కాదు. వాని ఒంటిలోని మొండి క్రిములకు మాత్రము బలము చేకూరును. ఫ్లెమింగ్ 1945లో హెచ్చరించినది సరిగా ఈ సంగతినే.